యంత్రం మారినా మారని పలుకు: ఈస్పీక్ తెలుగు ఉచ్చారణ – పాఠపరిష్కరణ దృష్టి

ప్రవేశిక

తెలుగు పలికినట్లే రాసే భాష, రాసినట్లే పలికే భాష అనే అభిప్రాయం స్థిరపడి ఉంది. 'చుక్క', 'చంద్రుడు' అనే రెండు మాటలను పక్కపక్కన పలికి చూస్తే ఈ అభిప్రాయానికి సవరణ అవసరమని తెలుస్తుంది. మొదటి మాటలో దంత్య చకారం, రెండో మాటలో తాలవ్య చకారం వినిపిస్తాయి. రాతలో రెండింటికీ అక్షరం ఒక్కటే. చూపుతో చదివేవారు ఈ భేదాన్ని అప్రయత్నంగా పాటిస్తారు. తెరపై ఉన్న పాఠాన్ని కంప్యూటరు చేత చదివించుకొని వినే అంధ పాఠకుల విషయంలో ఆ భేదాన్ని పాటించవలసింది యంత్రం. అది పాటించకపోతే ఆ లోటును వాక్యం వాక్యానికీ వినేవారే పూరించుకోవాలి.

అంధుల కోసం కంప్యూటరు చేత పాఠాన్ని పలికించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లలో ఈస్పీక్ ప్రధానమైనది. లినక్స్ మీద బహిరంగ రూపం పొంది, అక్కడి నుంచి విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ చేరిన ఈ సాఫ్ట్‌వేర్ తెలుగును కూడా పలుకుతుంది. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌ను మరొకదానిపై పనిచేసేలా మలచడాన్ని పోర్టింగ్ అంటారు. సాంకేతిక రచనల్లో పోర్టింగ్‌ను ఇంజనీరింగ్ సమస్యగానే చర్చిస్తారు. ఈ తరలింపులో ఏది సులభంగా ప్రయాణించింది, ఏది ప్రయాణించలేకపోయింది, తెలుగు ఉచ్చారణ ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుంది అనే ప్రశ్నలను పాఠపరిష్కరణ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఈస్పీక్ ప్రయాణం

ఈస్పీక్‌కు మూలమైన 'స్పీక్' అనే ప్రోగ్రామును జోనాథన్ డడింగ్టన్ 1995లో రిస్క్ ఓఎస్ కంప్యూటర్ల కోసం రూపొందించారు. అప్పట్లో అది పలికినది బ్రిటిష్ ఇంగ్లీషు మాత్రమే. 2006లో అది జీపీఎల్ లైసెన్సుతో లినక్స్ కోసం విడుదలైంది. 2007లో విండోస్ రూపం వచ్చింది. తరువాత రీస్ డన్ దానిని ఆండ్రాయిడ్‌కు తరలించారు. మూల రచయిత నుంచి మార్పులు రావడం ఆగిపోయినప్పుడు 2015 చివరలో వాడుకరులూ ప్రోగ్రామర్లూ కలిసి ఆ మూలం నుంచే ఈస్పీక్ ఎన్‌జీ అనే కొత్త శాఖను ఏర్పరచుకున్నారు. దాని తొలి విడుదల 2016లో జరిగింది. మూలాన్ని ఎవరైనా స్వీకరించి కొనసాగించవచ్చునన్న లైసెన్సు షరతే లేకపోతే రచయిత మౌనంతోపాటు ఆ గొంతు కూడా ఆగిపోయేది.

ఈ ప్రోగ్రాము మనుషుల గొంతును రికార్డు చేసి ముక్కలుగా అతికించదు. మానవ వాగింద్రియంలో ఏర్పడే అనునాదాలను గణితం ద్వారా అనుకరించి ధ్వనిని పుట్టిస్తుంది. అందుకే దాని గొంతు యాంత్రికంగా ఉంటుంది. అదే కారణం చేత పరిమాణం కొద్ది మెగాబైట్లకు మించదు. పాత కంప్యూటర్లలోనూ తడబడదు. వేగం ఎంత పెంచినా వర్ణాలు స్పష్టంగా విడిపడతాయి. రోజంతా విని పనిచేసేవారిలో చాలామంది ఇంపైన గొంతుకంటే వేగంగా, విస్పష్టంగా పలికే గొంతునే ఇష్టపడతారు. కనుక ఈస్పీక్‌ను మాధుర్యంతో కొలవడం సరికాదు.

దీని నిర్మాణంలో విమర్శకు ముఖ్యమైన అంశం ఒకటుంది. ధ్వనిని పుట్టించే యంత్రాంగం ఒకచోట, భాషకు సంబంధించిన జ్ఞానం మరొకచోట ఉంటాయి. ప్రతి భాషకూ అక్షరాలను ధ్వనులుగా మార్చే నియమాల ఫైలు ఒకటి, నియమాలకు లొంగని మాటలూ అంకెలూ అక్షర నామాలూ ఉండే జాబితా ఫైలు ఒకటి, ఆ భాషా ధ్వనుల వర్ణన మరొకటి ఉంటాయి. భాషా కుటుంబాల వారీగా అమర్చిన వరుసలో తెలుగు ద్రావిడ భాషల కింద ఉంది. ఇవన్నీ సాధారణ పాఠ ఫైళ్లే. ప్రోగ్రామింగ్ లోతుగా తెలియనివారు కూడా వీటిని తెరిచి చదవవచ్చు, దిద్దవచ్చు.

తరలినవి, తరలనివి

ఒకే సంవత్సరంలో వెలుగు చూసిన రెండు స్క్రీన్ రీడర్లు ఈ విషయాన్ని విశదం చేస్తాయి. తెరపై ఉన్నదానిని గ్రహించి, ఏది ఎప్పుడు చదవాలో నిర్ణయించి, వాక్సంశ్లేషణ ప్రోగ్రాముకు అందించేది స్క్రీన్ రీడర్. యునిక్స్ సంప్రదాయంలోని గ్నోమ్ డెస్క్‌టాప్‌లో 2006లో ఆర్కా ప్రవేశించింది. అదే సంవత్సరంలో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ విండోస్ కోసం ఎన్‌వీడీఏను ప్రారంభించారు. రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లే. రెండూ ప్రధానంగా పైథాన్ భాషలో రాసినవే. అయినా ఆర్కా విండోస్ మీద నడవదు, ఎన్‌వీడీఏ లినక్స్ మీద నడవదు.

దీనికి కారణం ప్రోగ్రామింగ్ భాషలో లేదు. తెరపై ఉన్నది బొత్తామా, శీర్షికా, పట్టికలోని గడియా అనే సమాచారాన్ని స్క్రీన్ రీడరుకు అందించే వారధిని ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్ తనదైన పద్ధతిలో కట్టుకుంది. గ్నోమ్‌లో ఆ వారధి ఏటీ-ఎస్‌పీఐ. విండోస్‌లో 1997 నాటి యాక్టివ్ యాక్సెసిబిలిటీ, తరువాత వచ్చిన యూఐ ఆటోమేషన్. ఆండ్రాయిడ్ కెర్నెల్ లినక్స్‌దే అయినా దాని వారధి పూర్తిగా వేరు. కెర్నెల్ ఒకటైనంత మాత్రాన అంధ వాడుకరికి దారి ఒకటి కాదని ఆండ్రాయిడ్ రుజువు చేస్తుంది. వారధికి అతుక్కొని పుట్టిన ప్రోగ్రామును తరలించడం కంటే కొత్తగా రాయడమే సులభం. ఎన్‌వీడీఏ విషయంలో జరిగినది అదే.

అయితే ఈ రెండు స్క్రీన్ రీడర్లూ ఉమ్మడిగా ఆధారపడిన భాగాలు రెండున్నాయి. పలుకు కోసం రెండూ ఈస్పీక్‌ను వాడుకుంటాయి. బ్రెయిల్ కోసం రెండూ లిబ్‌లూయి అనే అనువాదకాన్ని వాడుకుంటాయి. యునిక్స్ ప్రపంచంలో బ్రెయిల్ పరికరాల కోసం పుట్టిన బీఆర్ఎల్‌టీటీవై నుంచి విడివడి 2002లో లిబ్‌లూయి రూపొందింది. అందులో తెలుగు పట్టిక కూడా ఉంది. యూనికోడ్‌లో పొల్లు హల్లు తరువాత వస్తుంది. భారతి బ్రెయిల్‌లో అచ్చు లేదని తెలిపే చుక్క ఆ హల్లుకు ముందే వస్తుంది. ఈ క్రమభేదాన్ని తెలిసినవారు ఒకసారి పట్టికలో రాశారు. ఆ పట్టిక ఏ మార్పూ లేకుండా లినక్స్‌లోనూ విండోస్‌లోనూ పనిచేస్తుంది.

సాహిత్య పరిభాషలో చెప్పాలంటే పోర్టింగ్‌లో మూడు వేర్వేరు పనులు కలిసి ఉన్నాయి. ధ్వని యంత్రాంగానికి లిప్యంతరీకరణ వంటిది చాలు. ఫైళ్ల మార్గాలు, శబ్దాన్ని బయటికి పంపే పద్ధతి వంటివి మార్చి మళ్లీ కంపైల్ చేస్తే అది కొత్త చోట నిలుస్తుంది. వారధికి అనువాదం కావాలి. ఒకచోటి భావనకు మరొకచోట సమానార్థకాన్ని వెదకాలి, లేకపోతే సృష్టించాలి. 2006లో ఐబీఎం అందించిన ఐయాక్సెసిబుల్2 అటువంటి ప్రయత్నమే; విండోస్‌లోని పాత వారధికి లేని వివరాలను, యునిక్స్ పక్షంలోని వారధి భావనలకు దగ్గరగా, అది చేర్చింది. మూడోదైన భాషా జ్ఞానానికి లిప్యంతరీకరణా అక్కరలేదు, అనువాదమూ అక్కరలేదు. అది ఉన్నది ఉన్నట్లుగా నకలు అవుతుంది.

నకలైన దోషం

ఉన్నది ఉన్నట్లుగా నకలు కావడం వరమూ కావచ్చు, శాపమూ కావచ్చు. తాళపత్ర గ్రంథాలను పరిష్కరించినవారికి ఈ సంగతి సుపరిచితం. మాతృకలో దొర్లిన లేఖక దోషం దాని నుంచి పుట్టిన ప్రతులన్నిటిలోనూ కనిపిస్తుంది. ఎన్ని ప్రతుల్లో ఉన్నా అది సాధుపాఠం అనిపించుకోదు. ఈస్పీక్‌లోని తెలుగు నియమాల్లో లోపమేదైనా ఉంటే అది లినక్స్ వాడే పరిశోధకునికీ, విండోస్ వాడే ఉద్యోగికీ, ఫోను వాడే విద్యార్థికీ ఒకే రూపంలో వినిపిస్తుంది. ప్రోగ్రామరు దృష్టిలో మూడు తరలింపులూ విజయవంతమైనవే. వినేవారి దృష్టిలో మూడుచోట్లా అదే తప్పు.

ఈ నియమాలు ఎలా పుట్టాయన్నది కూడా గమనించాలి. అనేక భాషలకు తాను రాసిన నియమాలు తొలి ప్రయత్నాలేననీ, ఆ భాషలు మాట్లాడేవారు దిద్దితేనే మెరుగుపడతాయనీ ఈస్పీక్ మూల రచయిత తన వివరణల్లో దాపరికం లేకుండా తెలిపారు. ఇది నిజాయితీ గల వైఖరి. భాష తెలియని వ్యక్తి భాషల జాబితాలో ఆ భాషకు చోటు కల్పించి, మిగిలిన పనిని ఆ భాషవారికి అప్పగించారు. విమర్శకు గురికావలసింది ఆయన చేసిన పని కాదు. జాబితాలో తెలుగు పేరు కనిపించగానే తెలుగుకు సదుపాయం ఏర్పడిందని భావించే అలవాటు.

ఉచ్చారణ నియమాలకు తెలుగు విసిరే సవాళ్లు రెండు రకాలు. మొదటి రకం నియమానికి లొంగేవి. సున్న ఇందుకు మంచి ఉదాహరణ. 'పంకజం', 'పంచ', 'పంట', 'పంది', 'పంపు' అనే మాటల్లో తరువాతి హల్లును బట్టి సున్న అయిదు అనునాసికాలుగా మారుతుంది. 'పుస్తకం' చివర మకారమవుతుంది. పక్క అక్షరాన్ని చూసి నిర్ణయించగలిగినది కనుక యంత్రం దీనిని తప్పక సాధించగలదు. 'జ్ఞానం' మొదట వ్యవహారంలో వినిపించే గకారమూ ఇటువంటిదే. ఒక్క నియమం రాస్తే ఆ సంయుక్తాక్షరం ఉన్న మాటలన్నీ కుదుటపడతాయి.

రెండో రకం రాతను ఎంత చూసినా తేలనివి. 'చీమ', 'చెట్టు', 'జింక' మాటల్లో తరువాతి అచ్చును బట్టి తాలవ్యమని చెప్పవచ్చు. 'చాప', 'చుక్క', 'జుట్టు', 'జొన్న' మాటల్లో దంత్యం. 'చరిత్ర', 'చంద్రుడు', 'జలం' మాటల్లో అదే అచ్చుల కోవ ముందు తాలవ్యం. మాట దేశ్యమా, తత్సమమా అన్నది తెలిస్తేగాని ఉచ్చారణ తేలదు. దంత్య చ, జలకు పూర్వం ప్రత్యేక చిహ్నాలు వాడిన నిఘంటుకారులున్నారు; 2008లో యూనికోడ్ ఆ రెండు అక్షరాలకు స్థానం కల్పించింది. కాని వర్తమాన రచనలో ఎవరూ వాటిని రాయరు కాబట్టి యంత్రానికి అవి తోడ్పడవు.

యకార వత్తు మరొక చిక్కు. 'వ్యాసం', 'ధ్యానం' మాటల్లో యకారం నిజంగా పలుకుతుంది. 'బ్యాంకు', 'క్యాలెండరు' మాటల్లో అది ఇంగ్లీషులోని వివృతమైన అచ్చుకు గుర్తు. తెలుగు పాఠకుడు మొదటి కోవను సంస్కృతంగా, రెండో కోవను ఇంగ్లీషుగా గుర్తించి పలుకుతాడు. 'ఫలం', 'ఫోను' మాటల్లోని ఫకారానిదీ ఇదే స్థితి. 'వచ్చాడు' వంటి భూతకాల క్రియల్లో రాతలో ఆకారమున్నచోట వ్యవహారంలో వివృతమైన ఏకారం వినిపించడం భాషాశాస్త్రజ్ఞులు వివరించిన విషయమే. దానిని యంత్రం పాటించాలా, రాసినట్లు పలకాలా అన్నది తేల్చవలసింది భాషాభ్యాసకులు. ప్రోగ్రామరు దానిని నిర్ణయించలేడు, నిర్ణయించకూడదు.

ఈ రెండో రకానికి పరిష్కారం నియమాల ఫైలులో దొరకదు. జాబితా ఫైలులో మాట మాటగా చేర్చవలసి ఉంటుంది. అంటే కావలసినది నిఘంటు నిర్మాణం. అది తెలుగు శాఖలకు కొత్త పని కాదు.

అక్షరం అంటే ఏది?

భాషా జ్ఞానం యథాతథంగా నకలైనా, వారధి మారినప్పుడు తెలుగు వాడుకరికి భిన్నంగా వినిపించే సందర్భం ఒకటి మిగిలే ఉంది. వర్ణక్రమాన్ని సరిచూసుకోవడానికి అంధ పాఠకుడు బాణం మీటతో ఒక్కో అక్షరం వినుకుంటూ పోతాడు. 'శ', 'ష', 'స'ల భేదమూ, వత్తుల ఉనికీ తెలుసుకోవడానికి అతనికి ఇంతకంటే మార్గం లేదు. ఇక్కడ యంత్రం ఏది ఒక అక్షరమని భావిస్తుందన్నది ప్రశ్న.

'క్షి' తెలుగువారికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది క, పొల్లు, ష, గుడి అనే నాలుగు సంకేతాలు. వాడుకరి దృష్టిలో ఒక అక్షరంగా ఉండే ప్రమాణాన్ని నిర్వచించే యూనికోడ్ నియమాలు చాలాకాలం దీనిని 'క్', 'షి' అని రెండుగా విడదీశాయి. 2023లో వచ్చిన 15.1 సంచికలో తెలుగుతోపాటు దేవనాగరి, బంగ్లా, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకు సంయుక్తాక్షరాన్ని ఒకే ప్రమాణంగా గుర్తించే నియమం చేరింది. అయితే ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ విభజన చేసే భాగం వేరు, అది అనుసరించే యూనికోడ్ సంచిక వేరు. కనుక ఒకే పాఠం, ఒకే గొంతు ఉన్నా ఒకచోట ఒక మీటనొక్కుతో దాటే అక్షరాన్ని మరొకచోట రెండు మూడు నొక్కులతో దాటవలసి రావచ్చు.

ఇందులో ఏది సరి అన్నది తేలిక ప్రశ్న కాదు. ఛందస్సులో గురులఘువులు లెక్కించే విద్యార్థికి 'క్షి' ఒకటిగా వినిపించడం అవసరం. వర్ణక్రమ దోషాన్ని పట్టుకునే ముద్రాప్రతి పరిశీలకునికి విడివిడిగా వినిపించడం అవసరం. రెండు పద్ధతులూ అందుబాటులో ఉండాలని అడగవలసినవారు అక్షర లక్షణం తెలిసిన తెలుగువారే.

ప్రతులు, పాఠాంతరాలు

మాతృక ఒక్కటే అయినప్పుడు దానిలో చేసిన సవరణ కూడా ప్రతులన్నిటికీ చేరాలి. సూత్రరీత్యా అది నిజం. ఆచరణలో ప్రతులు వేర్వేరు కాలాల్లో ఆగిపోతాయి. ఎన్‌వీడీఏ తన విడుదలతోపాటు ఈస్పీక్ ఎన్‌జీలోని ఒక నిర్ణీత దశను పొందుపరుస్తుంది. స్థిరత్వానికి ప్రాధాన్యమిచ్చే లినక్స్ పంపిణీలు పాత సంచికను కొన్నేళ్లు కొనసాగిస్తాయి. ఫోనులో వాడుకరి ఎప్పుడో చేర్చుకున్న రూపం అలాగే ఉండిపోవచ్చు. యాపిల్ ఫోన్లలో ఇతరుల గొంతులు వ్యవస్థ అంతటా పలకడానికి 2022లో ఐఓఎస్ 16తోగాని దారి ఏర్పడలేదు. ఆ విధంగా ఒకే మాటకు ఒకే రోజున వేర్వేరు యంత్రాల్లో వేర్వేరు పలుకులు వినిపించే అవకాశముంది. వీటిని పాఠాంతరాలనడం అతిశయోక్తి కాదు.

సి. పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి తాళపత్ర ప్రతులను సేకరించి, పోల్చి, శుద్ధ ప్రతులు సిద్ధం చేయించినప్పుడు ఎదుర్కొన్నదీ ఇటువంటి స్థితినే. ఆయనకు మాతృకలు దొరకలేదు. దొరికిన ప్రతుల నుంచి పాఠాన్ని ఊహించవలసి వచ్చింది. ఈస్పీక్ విషయంలో మాతృక బహిరంగంగా ఉంది. ఎవరు ఏ పంక్తిని ఎప్పుడు మార్చారన్న చరిత్ర కూడా అందులో భద్రంగా ఉంది. పరిష్కర్తకు ఇంతకంటే అనుకూలమైన స్థితి ఊహించడం కష్టం. కొరత పరిష్కర్తలదే.

ఒక పరిమితిని కూడా చెప్పుకోవాలి. మాతృక ఎంత శుద్ధమైనా, చదవవలసిన పాఠమే యూనికోడ్‌లో లేకపోతే ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ ఏ గొంతూ దానిని పలకలేదు. తెలుగు ఆకారాలను రోమన్ అక్షరాల స్థానాల్లో ఇమిడ్చిన పాత ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్ కంటికి తెలుగుగా కనిపిస్తుంది. చెవికి అర్థం లేని రోమన్ అక్షరాల వరుసగా వినిపిస్తుంది. తెలుగు పరిశోధన వ్యాసాలు ఎన్నో ఈ రూపంలోనే ఉన్నాయి. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం వికలాంగులకు అనువైన రూపంలోకి గ్రంథాలను మార్చుకునే వీలు కల్పించింది. 2014లో మరాకేష్ ఒప్పందాన్ని అన్ని దేశాలకంటే ముందుగా భారతదేశమే ధ్రువీకరించింది. చట్టం ఇచ్చిన హక్కును ఫాంటు అడ్డుకుంటున్న స్థితి ఇది.

ముగింపు

యునిక్స్ సంప్రదాయంలో ఎదిగిన సాఫ్ట్‌వేర్ ఇతర వ్యవస్థలకు తరలిన క్రమాన్ని పరిశీలిస్తే మూడు విషయాలు స్పష్టమవుతున్నాయి. వారధికి అతుక్కున్నది తరలదు. వారధికి దూరంగా నిలిచిన పలుకు, బ్రెయిల్ పట్టిక తరలుతాయి. తరలినదానిలో భాషా జ్ఞానం గుణదోషాలతో సహా యథాతథంగా తరలుతుంది. కనుక తెలుగు అంధ పాఠకుని విషయంలో పోర్టింగ్ విజయాన్ని ప్రోగ్రాము నడిచిందా లేదా అన్నదానితో కొలవడం అసమగ్రం. 'చుక్క'ను 'చుక్క'గా, 'బ్యాంకు'ను 'బ్యాంకు'గా పలికిందా అన్నది కొలమానం కావాలి.

ఈ కొలమానాన్ని ఆచరణలో పెట్టడానికి మూడు పనులు చాలు. దంత్య తాలవ్య భేదం, యకార వత్తు, ఫకారం విషయాల్లో రాత చాలని మాటలకు ఉచ్చారణ జాబితా తయారుచేయడం. సున్న, సంయుక్తాక్షరాలు, అంకెలు అన్నీ వచ్చేలా ఒక పరీక్షా పాఠం కూర్చి వేర్వేరు వ్యవస్థల్లో అంధ పాఠకుల చేతనే వినిపించి తేడాలు నమోదు చేయడం. తేలిన సవరణలను ఒక ప్రతిలో కాక మాతృకలోనే చేర్పించడం. మొదటిది నిఘంటుకారుని పని, రెండోది క్షేత్ర పరిశోధకుని పని, మూడోది పరిష్కర్త పని. పీహెచ్.డి. స్థాయిలో తెలుగు శాఖలు ఇప్పటికే నేర్పుతున్న విద్యలే ఇవి. ప్రోగ్రామర్లు గొంతును మూడు వ్యవస్థలకు చేర్చిపెట్టారు. ఆ గొంతు ఏమి పలకాలో రాసి ఉన్న ఫైలు తెరిచే ఉంది.